బాగానే ఉన్నామన్న పాపానికి

శనివారం పొద్దున ఆరున్నరకి వెర్లిన్ ఓస్ట్‌బీ వంటింట్లో నిలబడి, ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉన్న కాగితాన్ని మూడోసారి చదువుకున్నాడు. అది భార్య మార్లిస్ చేతిరాత. పొద్దున కర్టెన్లు దింపి ఉతకాలి. అల్మరాల్లో పాత బట్టలు ఏరి దానమిచ్చే పెట్టెల్లోకి సర్దాలి. చలికాలపు అద్దాలు కిటికీలకి బిగించాలి. మధ్యాహ్నం కోడి సూపు, రొట్టె. ఒంటిగంట నుంచి సినిమాలు. ఆదివారం ఓవెన్లో మాంసం, మళ్ళీ సినిమాలు. అద్దెకి తెచ్చిన మూడు కేసెట్లూ అప్పటికే టీవీ మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

ప్రపంచంలో ఇంతకంటే సాదాసీదా కార్యక్రమం ఎవరూ వేసుకుని ఉండరు. అయినా వెర్లిన్ నాలుగోసారి కూడా చదివాడు. ఈ రెండు రోజులూ సవ్యంగా గడవకపోతే ఆ ఇంట్లో మార్లిస్ ఉండదు.

సంగతేమిటంటే, వెర్లిన్ నోటికి 'కాదు' అనే మాట తిరగదు. స్టోర్‌విక్ ఊరి ధాన్యం గోదాములో తూకం గుమాస్తాగా ఇరవై ఎనిమిదేళ్ళనుంచీ ఉన్నాడు. అన్నేళ్ళుగానూ మినెసోటాలోని ఆ చిన్న ఊరు అతన్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంది, అతను తల ఊపుతూనే ఉన్నాడు. వాళ్ళ గరాజ్‌లో చర్చివారి మడత కుర్చీలు డెబ్భై ఉన్నాయి. నేలమాళిగలో ఎవరిదో పియానో ఉంది. గడిచిన పదకొండు వారాంతాల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే కూర్చుని భోంచేసిన పూట ఒక్కటి లేదు. మొన్న గురువారం గిన్నెలు తుడుస్తూ మార్లిస్ చాలా మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

"జెనెట్ ఫోన్ చేసింది. ఫార్గోలో వాళ్ళింట్లో ఓ గది ఖాళీగా ఉందిట. చలికాలమంతా వచ్చి ఉండమంటోంది."

"నీ చెల్లెలు ఏటా అనే మాటేగా అది."

"ఈ ఏడు వెళ్దామనుకుంటున్నా."

వెర్లిన్ కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగాడు.

"నేనేం గొంతెమ్మ కోరికలు కోరట్లేదు వెర్లిన్. రెండంటే రెండు రోజులు. నా ఇంట్లో, నా మొగుడితో, తలుపేసుకుని. ఒక్క మనిషి గడప దాటి లోపలికి రాకూడదు. అది కూడా నీవల్ల కాదంటే చెప్పు, పెట్టె సర్దుకుంటా. నాకు నీమీద కోపమేం లేదు. అలిసిపోయాను, అంతే."

కోపమైతే బతిమాలుకోవచ్చు. అలిసిపోయానంటే ఏం చెయ్యాలో వెర్లిన్‌కి తోచలేదు. "తప్పకుండా," అన్నాడు. ఆవిడ లేకుండా ఆ ఇంట్లో ఒక్క పూట గడపడం అతని ఊహకే అందలేదు.

శుక్రవారం ధైర్యం కూడగట్టుకుని ఆర్డిస్ నైగార్డ్‌కి ఫోన్ చేశాడు. డెబ్భై రెండేళ్ళ ఆర్డిస్ చర్చి వంటింటికి మకుటం లేని మహారాణి. చర్చిలో ఏటా జరిగే చేపల విందు ఈ శనివారం సాయంత్రమే. ఆ విందులో నూట నలభై మందికి బంగాళాదుంపల ముద్ద చేసేది ఇరవై ఆరేళ్ళుగా మార్లిసే.

"రేపు మార్లిస్ రాదండీ. ఇద్దరం ఇంట్లోనే ఉంటాం," అన్నాడు వెర్లిన్.

"ఒంట్లో బాలేదా నాయనా?"

"బాగానే ఉన్నామండీ."

"పోనీ ఏదైనా వండి పంపనా?"

"వద్దండీ."

"నాకేం శ్రమ లేదు."

"వద్దండీ, నిజంగా."

"చిన్న గిన్నెడు?"

"అసలేమీ వద్దండీ ఆర్డిస్ గారూ! బాగానే ఉన్నాం!"

ఆ ప్రాంతపు మర్యాద ఒకటుంది. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. అది మర్యాద. రెండోసారీ వద్దనాలి. అదీ మర్యాదే. మూడోసారి అడిగినప్పుడు, మీకు శ్రమ కాకపోతే కొంచెం, అనాలి. మూడోసారి కూడా వద్దన్నాడంటే ఆ మనిషి నోరు విప్పలేనంత కష్టంలో ఉన్నాడన్నమాట. ఇక 'బాగానే ఉన్నాం' సంగతి చెప్పనే అక్కర్లేదు. వెర్లిన్ తండ్రి తన పశువుల కొట్టం తగలబడిపోతుంటే, మంటలార్పడానికి వచ్చినవాళ్ళతో అన్నది ఆ మాటే. ఇదంతా వెర్లిన్‌కి తెలియక కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అలాగే బతికాడు. కాకపోతే ఆ రోజు నిజం చెప్పాలన్న తాపత్రయంలో, ఏ ఊళ్ళో చెబుతున్నాడో మరిచిపోయాడు.

శనివారం ఎనిమిదింటికల్లా పని జోరందుకుంది. వెర్లిన్ బుర్ర కూడా చురుగ్గా పనిచేసింది, అదే వచ్చిన చిక్కు. ఇంట్లో ఎవరూ లేరనుకుంటారు గదా అని మార్లిస్ కారుని గరాజ్‌లో కుర్చీల మధ్య దూర్చి తలుపు దించాడు. తన పికప్ పట్టలేదు గనక అది బయటే ఉండిపోయింది. కర్టెన్లు దింపేశాడు. మార్లిస్ పాత బట్టలు నాలుగు పెట్టెల నిండా సర్ది వీధి వరండాలో పెట్టాడు. అన్నిటికంటే పైన ఆవిడ చర్చికి వేసుకెళ్ళే నీలం కోటు ఉంది.

మార్లిస్ కర్టెన్లు పట్టుకుని నేలమాళిగలోకి దిగింది. పనిలో పనిగా జుట్టుకి రంగు పట్టించుకుని ప్లాస్టిక్ టోపీ తగిలించుకుంది.

"ఇదిగో, ఇంకో ముప్పావుగంట ఎవరొచ్చినా నేను పైకి రాను," అని కిందనుంచే కేకేసింది.

ఆవిడ జుట్టుకి రంగేసుకుంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికీ తెలుసని ఆవిడకి మాత్రం తెలియదు.

వెర్లిన్ ఏప్రన్ కట్టుకుని సూపుకి కోడిని ముక్కలు కోస్తూండగా తలుపు చప్పుడైంది. పక్కింటి డ్వేన్ హెగ్. చేతిలో వేడివేడి హాట్‌డిష్: ఖైమా, డబ్బా సూపు, పైన కరకరలాడే బంగాళాదుంప బిళ్ళలు. ఆ ఊళ్ళో చావుకీ, ఆపరేషన్‌కీ, ఇల్లు కాలినా పంట పోయినా ఇదే వంట. డ్వేన్ వెర్లిన్ మొహం చూశాడు, తర్వాత ఏప్రన్ చూశాడు. స్టోర్‌విక్‌లో మొగవాడు ఏప్రన్‌తో తలుపు తీశాడంటే ఇంట్లో ఆడమనిషి మంచాన పడ్డట్టే.

"మా ఆవిడ ఇమ్మంది," అన్నాడు డ్వేన్ నేలచూపులు చూస్తూ. "ఏంటోలే వెర్లిన్. నువ్వేం చెప్పక్కర్లేదు."

"చెప్పడానికేం లేదు డ్వేన్. బాగానే ఉన్నాం."

డ్వేన్ గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగులో ఎన్నడూ లేనిది వెర్లిన్ భుజం మీద చెయ్యి వేశాడు. అంత చేసిన మనిషిని గుమ్మంలోంచి పంపెయ్యడం ఎలా? కాఫీ ఇచ్చాడు. డ్వేన్ కప్పులోకే చూస్తూ తాగి వెళ్ళిపోయాడు. గిన్నె అడుగున తెల్ల పట్టీ మీద 'హెగ్' అని పేరు రాసి ఉంది. పేరున్న గిన్నెని కడిగి తిరిగి ఇచ్చి రావాలి. అంటే అక్కడో కాఫీ.

"ఎవరది?" అని కిందనుంచి మార్లిస్.

"డ్వేన్. వెళ్ళిపోయాడు."

"కాఫీ ఇచ్చావా?"

"గుమ్మంలో నిలబడ్డాడు కదా మరి."

కింద బట్టలుతికే యంత్రం మూత ధడాలున పడింది.

పదిన్నరకి ఆర్డిస్ స్వయంగా వచ్చింది. వరండాలో పెట్టెల దగ్గర ఆగిపోయింది. నీలం కోటు చెయ్యి పట్టుకుని చూసింది. బోసి కిటికీలు చూసింది. కారు లేని చోటు చూసింది. వెర్లిన్ తలుపు తీసేసరికి ఆవిడ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"అప్పుడే బట్టలిచ్చేస్తున్నారా నాయనా?"

"ఇంక ఆవిడ వేసుకోదు కదండీ," అన్నాడు వెర్లిన్. ఆ కోటు మార్లిస్‌కి రెండేళ్ళనుంచీ బిగుతుగా ఉంటోంది.

"ఒక్కసారి చూడనిస్తావా?"

"ఇప్పుడు కాదండీ. ఎవరికీ కనపడనంది. జుట్టు..." అని నాలిక్కరుచుకున్నాడు. భార్య రహస్యం తన నోటిమీదుగా బయటపడితే ఇంకేమైనా ఉందా!

"జుట్టా!" ఆర్డిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ. జుట్టూడిపోయే ఆ వైద్యం మొదలైపోయిందన్నమాట. మాకెవరికీ చెప్పకుండా!"

"వైద్యం లేదు, ఏం లేదండీ! బాగానే ఉంది!"

"ఉంటుంది, బాగానే ఉంటుంది," అని వీపు నిమిరింది ఆర్డిస్. వెర్లిన్ ఎంత గట్టిగా కాదంటే ఆవిడ అంత గట్టిగా నిమిరింది. ఆవిడకీ కాఫీ ఇచ్చాడు.

మధ్యాహ్నానికి గిన్నెలు ఏడయ్యాయి. పన్నెండింటికి పాస్టర్ లిండ్‌హోమ్ వచ్చి, సోఫాలో చివరి అంచున కూర్చుని, ఈ ఇంటివారికి బలమిమ్మని పది నిమిషాలు ప్రార్థన చేశాడు. కింద బట్టల యంత్రం ఠక్కున ఆగిపోవడం వెర్లిన్‌కి వినపడింది. మార్లిస్ వింటోంది. ప్రార్థన అయ్యాక మర్యాదకి వెర్లిన్, సూపు తీసుకుంటారా అన్నాడు. పాస్టర్ రెండుసార్లు వద్దన్నాడు, మూడోసారి కూర్చుని ఇద్దరి సూపూ తాగేసి వెళ్ళాడు.

మార్లిస్ తలకి తువ్వాలు చుట్టుకుని మెట్ల మీదకి వచ్చింది. ఏడు గిన్నెలకేసి చూసింది. ఖాళీ సూపు గిన్నెకేసి చూసింది.

"నేను చచ్చిపోయానా వెర్లిన్?"

"లేదు. ఒంట్లో బాలేదంతే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేను బాగానే ఉందని చెప్పాను."

మార్లిస్ మెట్ల మీద కూలబడింది. కూలబడి నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. ఆ నవ్వు చూసి వెర్లిన్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంకా ఒకటిన్నర రోజు చేతిలో ఉంది.

"సర్లే. ఫోన్ తీసి పక్కన పెట్టు. నాకు ఆ హెగ్ వాళ్ళ గిన్నెలోంచి కాస్త పెట్టు. సినిమా వెయ్యి," అంది.

బోసి కిటికీలకి దుప్పట్లు కట్టి సోఫాలో పక్కపక్కనే కూర్చున్నారు. మార్లిస్ కాళ్ళు ముడుచుకుని అతని భుజానికి తల ఆనించింది. సినిమాలో ఒకాయన రైలు దిగాడు. రైలు దిగినాయన టోపీ గాలికి ఎగిరిపోయింది. ఇద్దరూ నవ్వారు. సినిమా మొదలై తొమ్మిది నిమిషాలైంది. వెర్లిన్ జన్మలో మరిచిపోలేని తొమ్మిది నిమిషాలవి.

పదో నిమిషంలో ఇంటిముందు పికప్ ఆగిన చప్పుడు. దాని వెనక మరో మూడు కార్లు.

దుప్పటి తొలగించి చూస్తే, ఆర్డిస్, పదిమంది ఆడవాళ్ళు, ఆరు బస్తాల బంగాళాదుంపలు, చర్చి పెద్ద గంగాళాలు రెండు. ఏప్రన్లు కట్టుకునే వచ్చారు.

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అంది మార్లిస్. నవ్వు పోయింది ఆవిడ మొహంలోంచి.

"నేనే చెప్తా. నువ్వు ఇక్కడే ఉండు," అన్నాడు వెర్లిన్. నిజంగానే చెబుదామనుకున్నాడు. హాలు నుంచి గుమ్మం దాకా నడుస్తూ, కాదండీ, కుదరదండీ, దయచేసి వెళ్ళండి, అని మూడుసార్లు లోపల అనుకున్నాడు కూడా.

తలుపు తియ్యగానే ఆర్డిస్ అతని రెండు చేతులూ పట్టుకుంది. "నాయనా, అందరం ఆలోచించుకున్నాం. ఆ దుంపల పని ఇరవై ఆరేళ్ళు ఆ తల్లి చేతిమీదుగా జరిగింది. ఈసారి అది కాస్తా ఇంకెవరో చేస్తే దాని మనసెంత కష్టపడుతుంది? అందుకని పనే దాని దగ్గరికి తీసుకొచ్చాం. మంచం మీదనుంచే చెప్పమను, మేం చేస్తాం. చివరిసారిగా..." వెనక ఇద్దరు ముక్కులు చీదుకున్నారు. ఆర్డిస్ కన్నీళ్ళు తుడుచుకోవడానికి, తన చేతిలోని దుంపలు మెదిపే పెద్ద గరిటెని వెర్లిన్ చేతిలో పెట్టింది. వెర్లిన్ పుచ్చుకున్నాడు. ఎవరైనా చేతికిస్తే పుచ్చుకోవడం అతనికి అలవాటు.

అందరూ లోపలికి వచ్చేశారు.

అప్పుడు హాల్లోంచి మార్లిస్ వచ్చి నిలబడింది. తువ్వాలు తీసేసింది. కొత్త రంగుతో జుట్టు నిగనిగలాడుతోంది.

"విగ్గు ఎంత సహజంగా ఉందో పాపం," అని ఎవరో గుసగుసలాడారు.

"విగ్గు కాదు," అంది మార్లిస్. "రంగేసుకున్నా. నాకు జబ్బు లేదు, వైద్యం లేదు. ఆ కోటు నాకు పట్టట్లేదు. కారు గరాజ్‌లో ఉంది. ఈ రెండు రోజులూ మేమిద్దరం ఇంట్లో కూర్చుని సినిమాలు చూద్దామనుకున్నాం. అంతే."

ఆ ఊళ్ళో ఒక మనిషి ఒక్క గుక్కలో అంత నిజం చెప్పగా ఎవరూ వినలేదు. ఆర్డిస్ బావురుమని ఏడ్చి మార్లిస్‌ని కావిలించుకుంది. ఒకరి తర్వాత ఒకరు కావిలించుకున్నారు. ఎంత కంగారు పెట్టావు తల్లీ అని ఒకరు, దేవుడి దయ అని ఒకరు. వాళ్ళ ప్రేమలో కల్తీ లేదు, ఆ సంగతి మార్లిస్‌కీ తెలుసు. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

కావిలింతలయ్యాక ఎవరూ కదల్లేదు. గోడ గడియారం రెండు కొట్టింది. విందు ఐదింటికి. వరండాలో ఆరు బస్తాలున్నాయి.

"మరి... ఒంట్లో బాగానే ఉంది గనక..." అంది ఆర్డిస్ నెమ్మదిగా. "నిన్ను అడగట్లేదమ్మా. మేమే ఎలాగో చేసుకుంటాంలే. పోయినసారి నువ్వు కాసేపు పక్కకెళ్ళినప్పుడు కాస్త గడ్డలు కట్టింది, అంతేగా."

మార్లిస్ తిరిగి మొగుడికేసి చూసింది. పదకొండుమంది ఆడవాళ్ళూ అతనికేసే చూశారు. వెర్లిన్‌కి తెలుసు. ఇప్పుడు తను ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మరి ఆర్డిస్ డెబ్భై రెండేళ్ళ మనిషి. నూట నలభై మంది టికెట్లు కొనుక్కున్నారు. ఇంత అభిమానంతో వచ్చిన వాళ్ళు.

"ఓ గంటలో అయిపోతుందేమో," అన్నాడు వెర్లిన్, గరిటె మార్లిస్ వైపు చాపుతూ.

అలా అంటున్నది తనేనని అతనికి నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుందామనుకునేలోపు మార్లిస్ గరిటె అందుకుంది.

దుంపలు అద్భుతంగా కుదిరాయి. ఒక్క గడ్డ లేదు. నాలుగున్నరకి గంగాళాలు పికప్ ఎక్కాయి, ఆడవాళ్ళంతా మరోసారి కావిలించుకుని చర్చికి వెళ్ళిపోయారు. మార్లిస్ గరిటె కడిగి, తుడిచి, బల్లమీద పెట్టింది. మేడ మీదకి వెళ్ళి పది నిమిషాల్లో పెట్టెతో దిగింది.

"కోపమొచ్చిందా?" అన్నాడు వెర్లిన్.

"లేదు. బాగానే ఉన్నా."

ఆ మాటకి అర్థం అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నేనూ రానా?"

"వద్దు."

"ఓ రెండు రోజులుండి వచ్చేస్తా."

"వద్దు వెర్లిన్."

మూడోసారి అడగడానికి నోరు తెరిచాడు. వద్దంటుందేమోనని భయం వేసి అడగలేకపోయాడు. గరాజ్‌లో కుర్చీలు జరిపి కారు బయటికి తీసి ఆవిడకిచ్చింది కూడా అతనే.

ఆదివారం పొద్దున చర్చి వాకిట్లో ఆర్డిస్ ఎదురొచ్చింది. విందు బ్రహ్మాండంగా జరిగిందని మొహమంతా నవ్వు.

"మార్లిస్ ఏది నాయనా?"

"వెళ్ళిపోయిందండీ. ఫార్గో. చెల్లెలి దగ్గరికి."

"అలాగా. నువ్వు బాగానే ఉన్నావు కదా?"

రాత్రంతా పట్టని నిద్ర, మింగుడు పడని ముద్ద, ఖాళీ సోఫా అన్నీ ఒక్కసారి వెర్లిన్ గొంతులోకి వచ్చాయి. "లేనండీ. అస్సలు బాలేను."

ఆర్డిస్ నవ్వు అలాగే ఆగిపోయింది. డెబ్భై రెండేళ్ళలో ఈ ప్రశ్నకి ఈ జవాబు ఆవిడ వినలేదు. దానికి ఏమనాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. అలవాటు కొద్దీ, "పోనీ ఏదైనా వండి పంపనా?" అంది.

"పంపండి," అన్నాడు వెర్లిన్ మొదటిసారికే. "కాదు, మీరే రండి. కాసేపు కూర్చుందురుగాని. ఇవాళే రండి."

ఆర్డిస్ అతను వద్దంటాడని ఒక్క క్షణం ఆగింది. అనలేదు. ఆవిడ చేతిసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఆ... అలాగే. వీలు చూసుకుని," అని గొణిగి ఆకాశంకేసి చూసింది. "చలి ముదిరేట్టుంది కదూ?"

"అవునండీ," అన్నాడు వెర్లిన్.

మధ్యాహ్నం ఏడు గిన్నెలూ కడిగి ఇంటింటికీ తీసుకెళ్ళాడు, ఎవరైనా కాఫీకి కూర్చోమంటారని. అతను బాలేనన్న కబురు అతనికంటే ముందే చేరినట్టుంది. అందరూ గుమ్మంలోనే గిన్నె అందుకున్నారు. డ్వేన్ అయితే, నీకు బోలెడు పనులుంటాయిలే, అని తలుపు చాలా మెల్లిగా వేశాడు. ఇంటికొచ్చి కర్టెన్లు ఇస్త్రీ చేసి తగిలించాడు. చలికాలపు అద్దాలు బిగించాడు. టీవీ ముందు సోఫాలో తన చివర తను కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఎవరూ తలుపు తట్టలేదు.

ఆర్డిస్ చెప్పినట్టే, ఆ ఏడు చలి బాగానే ముదిరింది.